ఇంట్లో ట్యూబ్ ఆంప్ మోగించడానికి: రియాక్టివ్ లోడ్ బాక్సా, అటెన్యుయేటరా, అసలేదీ వద్దా?

సెలెస్టియన్ వింటేజ్ 30 అనే గిటార్ స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వస్తుంది. అదే స్పీకర్‌కు 50 వాట్లు పంపితే 117. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పెట్టిన హద్దు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. మన దక్షిణ ఒడిశాలో బరంపురం పెద్దబజారు సందుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలోనో, రాయగడ పక్కన కాగితం మిల్లు క్వార్టర్లలోనో ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్లిఫైయర్) పెట్టుకున్నవాళ్ల ఇబ్బందంతా ఈ అంకెల్లోనే ఉంది. బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో ఎంత మోగించినా అడిగేవాళ్లుండరు. మిగతా రోజుల్లో పక్కింటి మౌసీ వచ్చి తలుపు తడుతుంది. ఆమె తట్టడంలో న్యాయముంది.

అందుకని చాలామంది వాల్యూమ్ నాబ్ ఒకటి దాటనివ్వకుండా వాయిస్తున్నారు. అంత తక్కువలో, స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులకు పనే ఉండదు. ఏ సౌండ్ కోసం అంత బరువు, అంత ఖర్చు మోశారో ఆ సౌండ్ రాదు. దీనికి మార్కెట్లో చాలా పరిష్కారాలు ఉన్నాయి: స్పీకర్ బదులు తగిలించి ఆంప్ శక్తిని మింగే లోడ్ బాక్స్, స్పీకర్‌కి వెళ్లే శక్తిని తగ్గించే అటెన్యుయేటర్ వగైరా. అన్నీ అందరికీ పనికిరావు. ఏది ఎవరికో తేల్చుకోవాలంటే ముందు మీ ఆంప్‌లో డ్రైవ్, అంటే సౌండ్ నలిగి గరుకెక్కడం, ఎక్కడ పుడుతోందో తెలియాలి.

డ్రైవ్ ఎక్కడ పుడుతోంది?

మార్షల్ డీఎస్ఎల్ లాంటి హై గెయిన్ ఆంప్‌లో డ్రైవ్‌లో ఎక్కువ భాగం ప్రీఆంప్‌లోనే, అంటే పవర్ ట్యూబులకు ముందున్న భాగంలోనే తయారవుతుంది. మాస్టర్ వాల్యూమ్ తగ్గించినా దాని రూపం చాలావరకు నిలుస్తుంది. ఇలాంటి ఆంప్ ఉన్నవాళ్లకు లోడ్ బాక్స్ హెడ్‌ఫోన్లలో వినడానికి, రికార్డింగ్‌కి పనికొస్తుంది గానీ టోన్‌ని మార్చేసేంత పని చేయదు. కేవలం ఇంట్లో మెల్లగా వాయించుకోవడమే కావాలంటే ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీఆంప్‌కీ పవర్ ట్యూబులకీ మధ్య ఉండే జాక్‌లలో) ఒక చిన్న వాల్యూమ్ పెట్టె పెట్టుకోండి. అతి తక్కువ ఖర్చులో సగం బాధ తీరుతుంది.

ఫెండర్ డీలక్స్ రెవర్బ్, మాస్టర్ వాల్యూమ్ లేని పాత మార్షల్ 1987, వాక్స్ ఏసీ30 సంగతి వేరు. వీటి అసలు గొంతు పవర్ ట్యూబులు, ఫేజ్ ఇన్వర్టర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కలిసి కష్టపడ్డప్పుడే వస్తుంది. వాల్యూమ్ బాగా పెంచక తప్పదు. లోడ్ బాక్స్ మీద డబ్బు పెట్టడం నిజంగా సార్థకమయ్యేది ఈ రకం ఆంపులకే.

"అయితే 5 వాట్ల చిన్న ఆంప్ కొనేస్తే పోదా అన్నా?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. లెక్క వేయండి. 50 వాట్లు 117 డెసిబెల్స్ అయితే, అదే స్పీకర్‌తో 5 వాట్లు 107. తేడా పది డెసిబెల్స్. చెవికి అది సుమారు సగం శబ్దంలా వినిపిస్తుందంతే. ఒక వాట్‌కి దిగినా ఇంకా 100 దగ్గరే ఉన్నాం. చిన్న ఆంపుకి చిన్న స్పీకర్ ఉంటే మరికొంత తగ్గుతుంది గానీ అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండింటికి అదీ పనికిరాదు. చిన్న ఆంప్ దాని సొంత సౌండ్ నచ్చి కొనాల్సిన వస్తువు. శబ్దం తగ్గుతుందని కొంటే నిరాశే.

స్పీకర్ తీసేసి వాయిస్తే ఏమవుతుంది?

ఇది తెలియకుండా ఎవరూ ఆంప్ ముట్టుకోకూడదు. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా నడపకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో కరెంట్ హఠాత్తుగా మారినప్పుడు అయస్కాంత క్షేత్రంలో దాగిన శక్తి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. సెకండరీ వైపు దారి లేకపోతే ప్రైమరీలో వోల్టేజ్ వేలల్లోకి ఎగబాకుతుంది. ట్యూబ్ సాకెట్‌లో మెరుపు కొడుతుంది, లేదా వైండింగ్ ఇన్సులేషన్ చిల్లుపడి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మన వైపు మోటారు వైండింగ్ షాపులు వీధికొకటి ఉంటాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం మాత్రం వేరే విద్య, పొరల మధ్య పొరలు వేసి చుట్టాలి. కాలిపోయాక బాగుచేయించడం కంటే కాలకుండా చూసుకోవడమే మేలు.

కొన్ని ఆంపుల వెనక "ఎమ్యులేటెడ్ అవుట్" (స్పీకర్ సౌండ్‌ని అనుకరించి పంపే జాక్) అని ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన స్పీకర్ తీసేయొచ్చని కాదు. లోపల లోడ్ ఉందో లేదో మాన్యువల్‌లో చూసి నిర్ధారించుకున్నాకే తీయండి. ట్రాన్సిస్టర్ ఆంపులకు ఈ భయం లేదు, వాటికి లోడ్ బాక్స్ అవసరమూ లేదు.

రెసిస్టివ్, రియాక్టివ్: తేడా చెవికి తెలుస్తుందా?

తెలుస్తుంది. ఎందుకు తెలుస్తుందో అర్థమైతే కొనేటప్పుడు ప్రకటనలకు లొంగరు.

స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 8 ఓమ్స్ కాదు. మామూలు 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 75 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది, మూసిన క్యాబినెట్‌లో పెడితే ఆ చోటు ఇంకాస్త పైకి జరుగుతుంది. అక్కడ దాని ఇంపీడెన్స్ (సంకేతానికి అది కలిగించే అడ్డు) 8 నుంచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. గిటార్‌లో లావు ఇ తీగ ఫ్రీక్వెన్సీ 82 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఆ ప్రాంతమే. తర్వాత మధ్యలో కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర నిజంగానే 8 ఓమ్స్‌కి దిగుతుంది. ఒక కిలోహెర్ట్జ్ దాటాక వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ పైకి పోతూనే ఉంటుంది. రెసిస్టర్ గోపాలపూర్ బీచ్ రోడ్డులా ఎంతదూరం వెళ్లినా చదునుగా ఉంటే, స్పీకర్ రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు. ఆంప్ ఇంజిన్ రెండిట్లో ఒకేలా పనిచేయదు.

ట్యూబ్ ఆంప్‌కి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. అందువల్ల లోడ్ ఇంపీడెన్స్ పెరిగిన చోట దాని వోల్టేజ్ కూడా పెరుగుతుంది. అంటే స్పీకర్ తగిలించినప్పుడు ఆంప్ తనంతట తానే అడుగున బరువు, పైన మెరుపు కలుపుతోందన్నమాట. చదునైన రెసిస్టర్ పెడితే ఆ రెండూ పోతాయి. సౌండ్ మధ్యలో ఇరుక్కుని మూగగా, చప్పగా ఉంటుంది. పవర్ ట్యూబులు క్లిప్ అయ్యే (అలల కొనలు తెగే) తీరు కూడా మారుతుంది కాబట్టి తర్వాత ఈక్యూతో పైనా కిందా పెంచినా అది పూర్తిగా తిరిగి రాదు. రియాక్టివ్ లోడ్ చేసే పనేమిటంటే కాయిళ్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు కలిపి ఆ ఎత్తుపల్లాలను ఆంప్‌కి చూపించడం. స్పీకరే ఉందని ఆంప్ నమ్ముతుంది.

ఈ తేడా ఏసీ30లో ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే దాని పవర్ సెక్షన్‌లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి ఆంప్‌ని అదుపులో పెట్టే ఏర్పాటు) లేదు. ఫీడ్‌బ్యాక్ గట్టిగా ఉన్న ఆంపుల్లో క్లీన్‌గా వాయించినంతసేపు తేడా తక్కువే. బాగా డ్రైవ్ చేశాక ఫీడ్‌బ్యాక్ పట్టు సడలుతుంది, అప్పుడు వాటిలోనూ బయటపడుతుంది.

అల్యూమినియం కేసు ఉన్న వైర్‌వౌండ్ రెసిస్టర్లు తెచ్చి హీట్‌సింక్ మీద బిగించి సొంతంగా డమ్మీ లోడ్ చేసుకునేవాళ్లు ఉన్నారు. రిపేరు బల్ల మీద ఆంప్ పరీక్షించడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. వాయించి ఆనందించడానికి అది నా సలహా కాదు.

అటెన్యుయేటర్ తీసుకుంటే?

అటెన్యుయేటర్ ఆంప్‌కీ మీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని శక్తిలో చాలాభాగాన్ని వేడిగా మార్చి మిగిలింది స్పీకర్‌కి పంపుతుంది. మీ స్పీకర్ గాల్లో మోగడం మీకు ముఖ్యమైతే ఇది దారి. కొద్దిగా తగ్గించడం వరకు, అంటే 3 నుంచి 10 డెసిబెల్స్ దాకా చాలా అటెన్యుయేటర్లు బాగా పనిచేస్తాయి. మెలొడీ పార్టీలో స్టేజి మీద వాయించేవాళ్లకు ఆ మాత్రం తగ్గింపు చాలు.

ఇంటి మాట వేరు. 50 వాట్ల నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తే అర వాట్ మిగులుతుంది. వింటేజ్ 30 మీద అది ఇంకా 97 డెసిబెల్స్. ఇంకా కిందికి తీసుకెళ్తే మామూలు అటెన్యుయేటర్లలో టోన్ కుంచించుకుపోతుంది. దానికి తోడు మన చెవి సంగతి ఒకటి ఉంది. తక్కువ శబ్దంలో లోతైన స్వరాలు, బాగా హెచ్చు స్వరాలు చెవికి తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే చూపించారు. కాబట్టి ఏ పెట్టెతో తగ్గించినా, తగ్గించిన సౌండ్ కాస్త పలచగా అనిపిస్తుంది. తప్పు పెట్టెది కాదు. హెడ్‌ఫోన్లలో సరిపడా వాల్యూమ్‌లో వింటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఇంటికి లోడ్ బాక్స్, హెడ్‌ఫోన్ జోడీని నేను ముందు పెట్టడానికి ఇదే అసలు కారణం.

పెట్టెలను పక్కపక్కన పెట్టి చూస్తే

టూ నోట్స్ టార్పెడో క్యాప్టర్, సుర్ రియాక్టివ్ లోడ్ ఒక తరగతి. వీటిలో ప్రధానం లోడ్, లైన్ అవుట్. స్పీకర్ క్యాబినెట్ సౌండ్‌ని పట్టి ఉంచిన ఫైల్, అంటే ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్), కంప్యూటర్‌లో వేసుకోవాలి. హెడ్‌ఫోన్ జాక్ ఉండదు, ఆడియో ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ని కంప్యూటర్‌కి పంపే పెట్టె) నుంచే వినాలి. రెండూ 100 వాట్ల దాకా తట్టుకుంటాయి. క్యాప్టర్‌ని 4, 8, 16 ఓమ్స్‌కి వేర్వేరు మోడళ్లుగా అమ్ముతారు, సుర్ 8 ఓమ్స్‌ది. క్యాప్టర్‌లో 20 డెసిబెల్స్ తగ్గించి స్పీకర్‌కి పంపే అవుట్ ఒకటి అదనంగా ఉంది, దాన్ని మార్చుకునే వీలు లేదు. ఇప్పటికే ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ తరగతే సరైనది. ఐఆర్ నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఇగ్నైట్ ఆంప్స్ వాళ్ల నాడ్‌ఐఆర్ ఒక ఉదాహరణ. సౌండ్‌లో పెద్ద మార్పు తెచ్చేది ఐఆర్ ఎంపికే. పెట్టె మార్చడం కంటే మంచి ఐఆర్ మార్చడం చెవికి ముందు తెలుస్తుంది.

క్యాప్టర్ ఎక్స్, సుర్ రియాక్టివ్ లోడ్ ఐఆర్, యూనివర్సల్ ఆడియో ఆక్స్ రెండో తరగతి. ఐఆర్ పెట్టెలోనే ఉంటుంది, హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది. కంప్యూటర్ తెరవకుండా ఆంప్ ఆన్ చేసి వాయించొచ్చు. క్యాప్టర్ ఎక్స్ సెట్టింగులను ఫోన్ నుంచి బ్లూటూత్‌తో మార్చుకోవచ్చు. దాని ధర మామూలు క్యాప్టర్‌కి దాదాపు రెట్టింపు, ఆక్స్ అంతకంటే ఎక్కువ. ఆక్స్‌లో 4, 8, 16 ఓమ్స్ మూడూ స్విచ్‌తో మారతాయి. వేర్వేరు ఆంపులున్నవాళ్లకు అది పెద్ద సౌకర్యం. ఒక్కటే ఆంప్ ఉన్న ఇంటికి అంత ఖర్చు నేను సమర్థించను.

మూడో తరగతి లోడ్‌తో పాటు సొంత పవర్ ఆంప్ ఉన్నవి: ఫ్రయెట్ పవర్ స్టేషన్, బాస్ వాజా ట్యూబ్ ఆంప్ ఎక్స్‌పాండర్. ఇవి మీ ఆంప్ శక్తిని మొత్తం మింగేసి, ఆ సంకేతాన్ని మళ్లీ తమ పవర్ ఆంప్‌తో కావలసినంత వాల్యూమ్‌లో స్పీకర్‌కి పంపుతాయి. బాస్ పెట్టె 150 వాట్ల దాకా తీసుకుని 100 వాట్ల దాకా ఇస్తుంది. స్పీకర్ అనునాదం, హెచ్చు స్వరాల ఎత్తులను స్విచ్‌లతో మార్చుకునే వీలు కూడా అందులో ఉంది. 5 వాట్ల ఆంప్‌ని స్టేజి మీద పెద్దగా వినిపించాలన్నా ఇవే దారి. గదిలో స్పీకర్‌తోనే, మాట్లాడుకునే స్థాయిలో, మంచి టోన్ కావాలంటే మామూలు అటెన్యుయేటర్ల కంటే ఇవి చాలా మెరుగు. ధర మాత్రం ఒక మంచి కొత్త ఆంప్ ధర. ఆంప్ ఒక ఊళ్లోనూ ప్రోగ్రాములు ఇంకో ఊళ్లోనూ ఉన్న వృత్తి కళాకారులకు తప్ప మిగతావాళ్లకు తొందర వద్దు.

అసలు ట్యూబ్ ఆంప్ ఇంకా కొననివాళ్లకు ఒక మాట. ఫెండర్ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ డీలక్స్ రెవర్బ్ డిజిటల్ ఆంప్. దాన్ని 22 వాట్ల నుంచి 0.2 వాట్ దాకా స్విచ్‌తో తగ్గించుకోవచ్చు, లైన్ అవుట్ కూడా ఉంది. ఇంట్లో మాత్రమే వాయించేవాళ్లు ట్యూబ్ ఆంప్, లోడ్ బాక్స్ రెండూ కొనే ముందు ఇలాంటిది ఒకసారి వాయించి చూడాలి. విశాఖ వెళ్లినప్పుడు పెద్ద షాపుల్లో చేత్తో పట్టుకుని చూడటం ఏ రివ్యూ కన్నా మేలు.

మన వైపు ఎవరికి ఏది

గుణుపూర్ హాస్టల్లో ఉంటూ ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేసుకునే విద్యార్థికి మామూలు క్యాప్టర్ చాలు. ఇంటర్‌ఫేస్‌లో లైన్ ఇన్‌పుట్‌కి పెట్టండి, ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి పెడితే క్లిప్ అవుతుంది. బఫర్ 128 శాంపిల్స్, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. రాకపోకలు కలిపినా వేళ్లకు అడ్డురాదు.

గజపతి, రాయగడ జిల్లాల చర్చిల్లో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయించేవాళ్లకు నేను రెండో తరగతి చెబుతాను. అక్కడ కంప్యూటర్ పెట్టి చూసుకునే తీరిక ఉండదు. పెట్టె నుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్ నేరుగా మిక్సర్‌కి వెళ్లిపోతుంది, మైక్ అక్కర్లేదు, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ల చెవులు నొప్పెట్టవు. పాట పాడేవాళ్ల మైకులోకి గిటార్ దూరదు కూడా, సౌండ్ చూసేవాళ్లకు అదో పెద్ద ఊరట. ఒకటే జాగ్రత్త: చిన్న మిక్సర్లలో ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ గుండా మిక్సర్ పంపే కరెంటు) ఒకే స్విచ్‌తో అన్ని ఛానళ్లకూ వెళ్తుంది. మీ పెట్టెకు ఫాంటమ్ కావాలో వద్దో, పక్క ఛానల్లో ఏముందో చూసుకుని వేయండి.

రాత్రి పిల్లలు పడుకున్నాక ఓ గంట వాయించుకునే ఉద్యోగస్తులకు కూడా రెండో తరగతే, హెడ్‌ఫోన్ జాక్ ఉన్నది. ల్యాప్‌టాప్ తెరిచి సాఫ్ట్‌వేర్ లోడ్ చేసేలోపు ఉన్న గంటలో పావు వంతు పోతుంది. ఆ సౌకర్యానికి రెట్టింపు ధర ఇవ్వడం నా దృష్టిలో దండగ కాదు.

వాట్లు, కేబుళ్లు, కరెంటు

50 వాట్లు అని రాసిన ఆంప్‌ని పూర్తిగా తెరిస్తే 50 దగ్గర ఆగదు. సైన్ వేవ్ నలిగి చదరపు ఆకారానికి చేరితే, అదే ఎత్తులో శక్తి రెట్టింపు దాకా పోగలదు. అందుకే లోడ్ రేటింగ్ ఆంప్ రేటింగ్‌కి రెట్టింపు ఉండేలా చూసుకోండి. 50 వాట్ల ఆంప్‌కి 100 వాట్ల పెట్టె హాయిగా ఉంటుంది. 100 వాట్ల ఆంప్‌ని 100 వాట్ల పెట్టె మీద గంటల తరబడి ఫుల్లుగా నడపడం నేను వద్దంటాను.

ఆంప్ అవుట్ ఎన్ని ఓమ్సో లోడ్ కూడా అన్నే ఓమ్స్. మధ్యలో స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి తీగ సన్నం, అంత కరెంట్‌కి అది కాదు. కేబుల్ ఊడితే ఆంప్‌కి లోడ్ లేనట్టే. ఆంప్ స్పీకర్ అవుట్‌ని పొరపాటున కూడా నేరుగా ఇంటర్‌ఫేస్‌కో మిక్సర్‌కో పెట్టొద్దు. అన్నీ తగిలించాకే ఆంప్ ఆన్ చేయండి.

లోడ్ మింగిన ప్రతి వాటూ వేడే. మే నెలలో బరంపురం ఉక్కపోతలో తలుపులు మూసి వాయించేటప్పుడు ఆంప్ వేడి, పెట్టె వేడి రెండూ గదిలోనే ఉంటాయి. పెట్టెను ఆంప్ మీద పెట్టకండి, ట్యూబుల వేడి దాని అడుగుకు తగులుతుంది. పక్కన, గాలాడే చోట పెట్టండి. కొన్నింట్లో ఫ్యాన్ ఉంటుంది. నిశ్శబ్దమైన గదిలో దాని చప్పుడు రికార్డింగ్ మైక్‌కి దొరుకుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడు హమ్ వస్తే లోడ్ బాక్స్‌ని అనుమానించకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ గోల చేస్తుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటేనే ట్యూబ్ ఆంప్ నడపండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్ట్ల ఆంప్ అయితే సరిపడా వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, అది 50 హెర్ట్జ్‌కి పనికొస్తుందో లేదో ఆంప్ వెనక రాసింది చదవండి.

ఇంకో సంగతి. లోడ్ బాక్స్ శబ్దాన్ని ఆపుతుంది, ట్యూబుల అరుగుదలను ఆపదు. రోజూ రెండు గంటలు వాల్యూమ్ ఎనిమిది మీద నడిపితే ఈఎల్84, ఈఎల్34 లాంటి పవర్ ట్యూబులు స్టేజి మీద అరిగినట్టే అరుగుతాయి. పైగా స్పీకర్ గాలికి గిటార్ తీగ స్పందించి స్వరం ఆగకుండా నిలిచే అనుభూతి హెడ్‌ఫోన్లలో ఉండదు. అదే మీకు ప్రాణమైతే మూడో తరగతి పెట్టె కోసం ఆగి డబ్బు కూడబెట్టుకోవడమే మంచిది, మొదటి తరగతి కొని అసంతృప్తి పడొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మల్టీమీటర్ తీసుకెళ్లండి. పెట్టెకు స్పీకర్ కేబుల్ గుచ్చి, రెండో కొసన టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య ఓమ్స్ చూడండి. కొన్ని ఓమ్స్ చూపించాలి. అనంతం చూపిస్తే లోపల తెగింది, అలాంటిది మీ ఆంప్‌కి తగిలించొద్దు. సున్నాకు దగ్గరగా ఉంటే షార్ట్. తర్వాత పెట్టెను మెల్లగా ఊపి లోపల ఏదైనా గలగలలాడుతోందా వినండి. కాయిళ్లు బరువైనవి, కొరియర్‌లో పడితే బోర్డు నుంచి ఊడుతుంటాయి. వెనక రాసిన ఓమ్స్ మీ ఆంప్‌కి సరిపోతుందో లేదో చూశాకే బేరం మొదలుపెట్టండి.